బ్లేజ్ చేసిన స్ప్రింగులు

పుతో, 20 ఫిబ్రవరి 1910

బావగారికి,

ఒదిల్ రాస్తోంది. మీ తమ్ముడు రాయాల్సిన ఉత్తరమే ఇది. కానీ ఆయన ముట్టుకున్న కాగితమల్లా నూనె పీల్చుకుని, అవతలి దీపం కనిపించేట్టు తయారవుతోంది. ఇంజనుకి పోసేది ఆముదమే, ఇల్లంతా అదే. అందుకని ఆయన చెబుతుంటే నేను రాస్తున్నాను. సగం చెప్పి షెడ్డులోకి పోయారు, మిగతా సగం నా సొంతం.

సెన్ నది వరద తగ్గింది గానీ షెడ్డులో బురద ఇంకా పోలేదు. లేతు యంత్రాలన్నీ విప్పి, కడిగి, తుడిచి మళ్ళీ బిగించాం. మొర్వాన్ గారు, మా పెద్ద మేస్త్రీ, బురదలో చేప దొరికిందని సంబరపడ్డారు. వండుకున్నారు కూడా.

ఈ ఇంజన్లో కొత్తేముందని అడిగారు కదా. మోటారు కార్లలో ఇంజను కదలకుండా కూర్చుంటుంది, లోపలి ఇరుసు తిరుగుతుంది. దాన్ని చల్లబరచడానికి నీళ్ళు, నీళ్ళకో తొట్టి, తొట్టికి గొట్టాలు. అదంతా మోసుకుని గాల్లోకి లేచేదెవరు? మీ తమ్ముడు ఇరుసుని విమానానికే బిగించేశారు. దాని చుట్టూ ఏడు సిలిండర్లు పూరేకుల్లా ఉంటాయి. ముందున్న పంకాతో పాటు అవే గిర్రున తిరుగుతాయి. అంత తిరిగేదానికి గాలి తగలక ఏమవుతుంది? నీళ్ళ అవసరమే లేదు. ఒక్కో సిలిండరూ ఉక్కు దిమ్మలోంచి తొలిచి తీస్తారు. దిమ్మని ఇద్దరు మోసుకొస్తారు. పనయ్యాక నేను పాలచెంబులా ఒంటిచేత్తో ఎత్తుకెళ్ళి బల్లమీద పెడతాను. మిగిలిందంతా తురుమే.

ఇప్పుడు అసలు సంగతి. పెట్రోలు ఆవిరి లోపలికి వచ్చే వాల్వు పిస్టను నెత్తిమీద ఉంది. దాన్ని మూసి ఉంచేది పల్చటి పట్టీ స్ప్రింగు. ఇక్కడివాళ్ళు చేసినవి విరుగుతున్నాయి. విరిగితే వాల్వు నోరు తెరుచుకుని ఉండిపోతుంది, పైన ఉండాల్సిన మంట ఇంజను పొట్టలోకి దిగుతుంది. "మా అన్న మడతకత్తికి వేసే స్ప్రింగు తాత వాడి మనవడికిస్తాడు, వాడు వాడి మనవడికిస్తాడు. అన్నకి రాయి" అన్నారు మీ తమ్ముడు. రాశాను. కొలతల బొమ్మ ఇందులోనే ఉంది, నూనె మరక కిందుంది చూసుకోండి.

అక్కయ్యగారిని అడిగానని చెప్పండి.

మీ మరదలు
ఒదిల్


తియేర్, 6 మార్చి 1910

అమ్మాయ్ ఒదిల్‌కి, బ్లేజ్ బావ దీవెన.

నీ ఉత్తరం పొయ్యి దగ్గర పెట్టి చదువుకున్నాం. ఇల్లంతా ఆముదం కంపు. పటూ, మా కుక్క, రెండు తుమ్ములు తుమ్మి బయటికి పోయింది. ఇంజను బరువు తగ్గించడానికి ఇంత తాపత్రయమెందుకు, మా రెమీ ఓ పూట తిండి మానేస్తే సరిపోదా అని మీ అక్క ఫిలొమెన్ అడుగుతోంది. జవాబు వాణ్ణే రాయమను.

స్ప్రింగులు పంపుతున్నాను. మామూలు పని కాదు తల్లీ. మడతకత్తి స్ప్రింగు రోజుకి పదిసార్లు వంగుతుంది, ఆదివారం విశ్రాంతి. నీ మొగుడు అడిగేది క్షణం ఊపిరాడకుండా వంగేది. పొట్ట కింద చెక్కపలక, ముక్కు ముందు సానరాయి, కాళ్ళమీద వెచ్చగా కుక్క. ఇలా బోర్లా పడుకుని ముప్పై ఏళ్ళుగా ఉక్కు అరగదీస్తున్నాను గానీ ఇంత పల్చన ఎప్పుడూ చెయ్యలేదు. మా నాన్న, ఆ ముసలాయన, వదిలిపోయిన పాత ఉక్కు పట్టీలు అటకమీద ఉంటే అవి తీశాను. అలాంటి ఉక్కు ఇప్పుడెవరూ చెయ్యరు. పల్చగా చెయ్యడం గొప్ప కాదురా, ఎక్కడ ఆపాలో తెలియడం గొప్ప అనేవాడు ముసలాయన. రెమీకి గుర్తుందో లేదో.

వాడు ఇంజను చేస్తాడు, ఎగిరేవాళ్ళు వేరే ఉన్నారు. అంతే కదా? వాడు ఎగరడు కదా?

మీ బావ
బ్లేజ్ దొజోల్మ్


పుతో, 24 ఏప్రిల్ 1910

బావగారికి,

మీ స్ప్రింగులు వేశాక ఇంజన్ని పరీక్షించే బెంచీమీద బిగిస్తే పొద్దున్నించీ భోజనాల వేళ దాకా ఆగకుండా తిరిగింది. చుట్టుపక్కల వాళ్ళు ఫిర్యాదు చేశారు. మీ తమ్ముడు ఆ ఫిర్యాదు కాగితాన్ని ముద్దు పెట్టుకున్నారు.

విమానాలు కట్టే దెల్ఫూర్ గారు వచ్చి చూసి, ఇంజన్ని మూర్‌మెలొన్ మైదానానికి పట్టుకెళ్ళి తన విమానానికి బిగించుకున్నారు. ఆ మనిషి మాట తక్కువ, మీసం ఎక్కువ.

ఎగరడు కదా అని అడిగారు. జవాబు మీరే రాయండి అని మీ తమ్ముడికి కలం ఇచ్చాను. నవ్వి తోటలోకి పోయారు. పోయిన నెలనుంచి ఆదివారాలు మూర్‌మెలొన్‌లోనే ఉండి ఎగరడం నేర్చుకుంటున్నారు బావగారూ. "ఇంజను గొంతు మారితే పైన కూర్చున్నవాడికి ముందు తెలియాలి. వాడికి తెలియదు, నాకు తెలుస్తుంది" అంటారు. నేను పోట్లాడాను. మీరూ ఒక మాట రాయండి.

అక్కయ్యగారు పంపిన జున్ను మొర్వాన్ గారే సగం తినేశారు.

ఒదిల్


పుతో, 2 జూన్ 1910

బావగారికి,

మీరు వచ్చారు, వెళ్ళారు. రెమీ సమాధి దగ్గర నాతో మాట్లాడతారేమో అనుకున్నాను. మీరు మొర్వాన్ గారితో ఏదో మాట్లాడి, టోపీ పెట్టుకుని స్టేషనుకి నడిచి వెళ్ళిపోయారు. నా మొహం వంక చూడలేదు. అక్కయ్యగారు మాత్రం చూస్తూనే ఉన్నారు. నేను ఏడవడం లేదని చూశారు. నాకు ఏడుపు రాలేదు. దాన్ని గురించి ఇంకేం చెప్పాలో తెలియడం లేదు. చర్చికి వేసుకెళ్ళిన చెప్పులు కరుస్తుంటే దారంతా దాని గురించే ఆలోచించాను.

రెమీతో పాటు నేలకి పడిన ఇంజను మూర్‌మెలొన్ నుంచి చెక్కపెట్టెలో వచ్చింది. మేకులు తియ్యలేదు. షెడ్డు మూలన ఉంది. పనివాళ్ళు చుట్టూ తిరిగి నడుస్తున్నారు.

రోజూ పొద్దున్నే షెడ్డుకి వెళ్ళి రెమీ స్టూలు మీద కూర్చుంటున్నాను. అందరూ నా వంక చూస్తారు, ఏం చెయ్యమంటారమ్మా అన్నట్టు. వాళ్ళకీ ఇళ్ళున్నాయి. నిన్న దెల్ఫూర్ గారు వచ్చారు. కూర్చోమంటే కూర్చోలేదు. రెండో ఇంజను తయారుచేసి, తెల్లవారి నుంచి చీకటి పడేదాకా బెంచీమీద ఆగకుండా తిప్పి చూపిస్తే, ఇకమీద ఆయన కట్టే విమానాలన్నిటికీ మా ఇంజనే వేస్తానన్నారు. సరేనన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు. కాదనడానికి ఇంకా ఎక్కువ ఓపిక కావాలి.

సిలిండర్లు తొలవడం మొర్వాన్ గారికి వచ్చు. నేను రెమీ బొమ్మలకి నకళ్ళు తీస్తూ వచ్చినదాన్ని కాబట్టి కొలతలు నాకు తెలుసు. స్ప్రింగులే మా వల్ల కాదు. మళ్ళీ ఏడు సిలిండర్లకీ సరిపడా పంపగలరా?

ఒదిల్


తియేర్, 14 జూన్ 1910

ఒదిల్,

స్ప్రింగులు చెయ్యలేను. నా చేతులు ఇక ఆ పనికి రావు. ఇంకెవరినైనా చూసుకో. నా మాట వింటే ఆ పెట్టెలో ఉన్నదాన్ని తెరవకుండానే పాత ఇనుము కొనేవాడికి ఇచ్చెయ్యి. రెండోది చెయ్యకు.

బ్లేజ్


పుతో, 3 జూలై 1910

బావగారికి,

చేతులు పనికి రావడం లేదని రాశారు. చన్నీళ్ళలో సానపట్టేవాళ్ళకి కీళ్ళు పట్టేస్తాయని రెమీ చెప్పేవారు. మొర్వాన్ గారు వాడే లేపనం ఒక డబ్బా పంపుతున్నాను. ఘాటుగా ఉంటుంది, ఉన్నిగుడ్డ చుట్టుకుని పడుకోవాలట.

మీ చేతులు కుదుటపడేదాకా మీ దగ్గర పని నేర్చినవాళ్ళు ఎవరైనా చెయ్యగలరా? మీరు పక్కన నిలబడి చెబితే చాలు. ఇక్కడ మళ్ళీ ప్రయత్నించాం. ఇక్కడివి బెంచీమీద కాఫీ తాగేంత సేపు కూడా ఉండడం లేదు.

పెట్టెని పాత ఇనుముకి ఇవ్వమన్నారు. ఇస్తాను, ఇవ్వను అని ఏదీ అనుకోలేదు. అక్కడుంది, అంతే. నేనూ అలాగే ఉన్నాను. పెట్టింది తింటున్నాను. నిద్రపడుతోంది. నిద్ర పట్టడం తప్పులా ఉంది గానీ పడుతోంది.

ఒదిల్


తియేర్, 11 జూలై 1910

ఒదిల్‌కి,

నీ లేపనం డబ్బా తిప్పి పంపుతున్నాను. నా చేతులకి ఏ రోగమూ లేదు. అది నీకూ తెలుసు. దెప్పాలనుకుంటే నేరుగా దెప్పు, మందు డబ్బాలో పెట్టి పంపకు. నువ్వు మనసులో ఏమనుకుంటున్నావో నాకు తెలుసు. సమాధి దగ్గరే తెలిసింది. కన్నీటి చుక్క లేకుండా రాయిలా నిలబడి నన్నే చూస్తున్నావు. నీ కళ్ళలోకి చూసే ధైర్యం నాకు లేకపోయింది.

మనిషి పోయిన ఇంట్లో మళ్ళీ అదే ఇంజను మోగుతోందని ఇక్కడ నలుగురూ అంటున్నారు. నేను వాళ్ళకి సమాధానం చెప్పడం లేదు.

మిగిలిన ఉక్కు పట్టీలన్నీ దురోల్ నదిలో పారేశాను. కావాలన్నా ఇక లేవు. మళ్ళీ అడక్కు.

బ్లేజ్


పుతో, 29 జూలై 1910

శ్రీ బ్లేజ్ దొజోల్మ్ గారికి,

లేపనం అందింది. అది మొర్వాన్ గారికే ఇచ్చేశాను. మిమ్మల్ని దెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. మీరే నన్ను దోషిని చేసి మాట్లాడుతున్నారని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఆదివారాలు ఆయన్ని మూర్‌మెలొన్ వెళ్ళనిచ్చినందుకు అనుకున్నాను. ఇప్పుడు మీ ఉత్తరం చదివితే నాకేమీ అర్థం కాలేదు. అర్థం చేసుకోవాలని కూడా లేదు. ఊళ్ళోవాళ్ళు ఏమన్నా సరే.

ఇక మిమ్మల్ని శ్రమపెట్టను. పాతవే వాడుకుంటాం. నిన్న మొర్వాన్ గారూ నేనూ పెట్టె మేకులు తీసి ఇంజన్ని విప్పాం. మీ స్ప్రింగులన్నీ బాగానే ఉన్నాయి, నేలకి కొట్టుకున్న వైపు సిలిండర్లవి రెండు మాత్రం కాస్త వంగాయి. మిగతావి కడిగి, ఆరబెట్టి, కొత్త ఇంజన్లోకి తీసి పెట్టుకున్నాం. వంగినవాటికి బదులు చేసేవాళ్ళని ఎవరినో చూస్తాం.

అక్కయ్యగారికి నా నమస్కారం.

ఒదిల్ దొజోల్మ్


తియేర్, 1 ఆగస్టు 1910

ఒదిల్, తల్లీ,

స్ప్రింగులు విరగలేదా?

వెంటనే రాయి. ఒక్కటి కూడా విరగలేదా? నువ్వు చూశావా, మొర్వాన్ చెప్పాడా? ఇంజను ఆగిపోయింది, చప్పుడు ఆగడం జనమంతా విన్నారు అని సమాధి దగ్గర మొర్వానే నాకు చెప్పాడు. ఆగిందంటే స్ప్రింగే కదా విరిగింది. ఇంకేముంది అందులో విరగడానికి?

బ్లేజ్


పుతో, 4 ఆగస్టు 1910

బావగారూ,

మీ ఉత్తరం షెడ్డులో నిలబడి చదివాను. చదివి, అంతకు ముందువన్నీ తీసి మళ్ళీ చదివాను. మీరు నా కళ్ళలోకి చూడనిది ఇందుకా. నేను మిమ్మల్ని చూడనే లేదు బావగారూ ఆ రోజు. మీ కోటు గుండీ ఒకటి ఊడి వేలాడుతుంటే దాన్ని చూస్తూ నిలబడ్డాను. ఇంకేదీ చూడలేకపోయాను.

సరే, ఉన్నదున్నట్టు రాస్తాను. నా చేత్తో నేను విప్పాను. ఏడు పిస్టన్లలోనూ అన్ని స్ప్రింగులూ నా వేళ్ళతో తడిమాను. ఒక్కటి కూడా విరగలేదు. ఇంజను పొట్ట లోపల మసి లేదు. మంట లోపలికి దిగి ఉంటే గోడలన్నీ నల్లగా ఉండేవి. బంగారు రంగు ఆముదం, అంతే.

చప్పుడు ఆగడం నిజమే. ఈ ఇంజన్ని నెమ్మదిగా తిరగమంటే తిరగదు, ఉంటే పూర్తి వేగం, లేకపోతే లేదు. కిందికి దిగేటప్పుడు మీట నొక్కి, పెట్రోలుని మండించే నిప్పురవ్వని కాసేపు ఆపుతారు, మళ్ళీ వదులుతారు. రెమీ మీట నొక్కారు. అందరూ విన్నది అది. తర్వాత మళ్ళీ వదిలారు. పంకా చూస్తే తెలుస్తుందని మొర్వాన్ గారు చూపించారు. ఆగిన పంకా నేలకి తగిలితే కింద ఉన్న రెక్క ఒక్కటే విరుగుతుంది. ఇది రెండు రెక్కలూ మొదలంటా ముక్కలయింది. నేల తగిలేదాకా ఇంజను తిరుగుతూనే ఉంది.

తెగింది విమానం ఎడమ రెక్కని పట్టి ఉంచే తీగ. దెల్ఫూర్ గారికి అది పడిన రోజే తెలిసిందట. నేను అడగలేదు కాబట్టి చెప్పలేదట. "ఎలా చెప్పను మేడమ్" అన్నారు. మీ తీగ తెగింది, మా ఇంజను ఆగలేదు అన్నాను. ఇద్దరం గోడవైపు చూస్తూ మాట్లాడుకున్నాం. ఇప్పుడు ప్రతి తీగా జంటగా వేస్తున్నారట.

ఇది తెలిశాక నాకేమైనా అనిపిస్తుందేమో అని సాయంత్రం దాకా ఎదురుచూశాను. వంట చేశాను.

మీ మరదలు
ఒదిల్


తియేర్, 21 ఆగస్టు 1910

అమ్మాయ్ ఒదిల్‌కి, బావ రాస్తున్నాను.

నీ ఉత్తరం ఫిలొమెన్‌కి చదివి వినిపించాను. అది కూర్చుని ఏడ్చింది, నువ్వు ఏడవలేదని అన్న మాటలకి ఏడ్చింది. నిన్ను క్షమించమని అడగమంది. నేను ఇంక బరువు దిగిపోతుందనుకున్నాను. దిగలేదు. రెండు నెలలుగా రాత్రింబవళ్ళు నేనే వాణ్ణి చంపానని నమ్మాను. ఇప్పుడు చంపలేదు. వాడు మాత్రం అలాగే లేడు. ఈ లెక్క నాకు తేలడం లేదు.

తెలివితక్కువ పని ఒకటి చేశాను. ఉక్కు నదిలో పారేశాను కదా. వేసవి, నీళ్ళు తక్కువ, నది తిప్పే సానరాళ్ళు సగం రోజు ఆగే ఉంటున్నాయి. ప్యాంటు మడిచి దిగి వెతికాను. గట్టుమీద మా వీధి ముసలాళ్ళు చేరి "ఏం బ్లేజ్, చేపలా?" అని ఒకడు, "వీడికి ఉక్కు చేపలు కావాల్రా" అని ఇంకొకడు. ఒక్క ముక్కా దొరకలేదు. కొత్త ఉక్కు తెప్పించి స్ప్రింగులు చేసి పంపుతున్నాను, మొత్తం గుత్తి. పాతవి నేల దెబ్బ తిన్నవి, వాటిని నమ్మొద్దు, తీసెయ్యి. ఈ ఉక్కు మంచిదనే చెప్పారు. నా చేతికి కొంచెం పెళుసుగా అనిపించింది, కానీ నా చెయ్యి ఈ మధ్య అన్నిటినీ అనుమానిస్తోంది.

ఇంజను మొదలెట్టే ముందు వాడు దాని ఎదురుగా నిలబడి ఎలా నవ్వేవాడో నీకు తెలుసుగా. నువ్వు మాత్రం మొదలెట్టేప్పుడు పక్కకి నిలబడు.

మీ బావ
బ్లేజ్


పుతో, 25 సెప్టెంబరు 1910

బావగారికి,

ఇది మీకెలా రాయాలా అని ఆలోచించి, మామూలుగానే రాస్తున్నాను.

నిన్న ఇంజన్ని బెంచీమీద తిప్పాం. దెల్ఫూర్ గారు పొద్దున్నే వచ్చి కుర్చీ వేసుకున్నారు. భోజనాల వేళ దాటింది. మొర్వాన్ గారు చెవుల్లో దూది పెట్టుకుని అందరికీ రొట్టె కోసి ఇచ్చారు. మూడో జాము దాటాక దాని గొంతు మారింది. నాకు తెలిసింది బావగారూ, చూడకుండానే తెలిసింది. మీట నొక్కేలోపే కింద నుంచి మంట వచ్చింది. ఇసుక పోశారు, గోనెలు కప్పారు. ఎవరికీ ఏమీ కాలేదు. నా జాకెట్టు చెయ్యి అంటుకుని మోచేతి దగ్గర చర్మం లేచింది. నొప్పి పుట్టింది. మే నెల తర్వాత నాకు తెలిసేట్టు నొప్పి పుట్టింది అదే. ఏం చెయ్యాలో తెలియక కాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను.

చల్లారాక విప్పాం. మూడో సిలిండరు. స్ప్రింగు మధ్యకి విరిగింది.

ఈసారి విరిగింది మీదే. మీకు చెప్పకుండా ఉందామా అని మొర్వాన్ గారు అడిగారు. "ఆయన తట్టుకోలేరమ్మా, పిస్టను పగిలిందని రాద్దాం" అన్నారు. వద్దన్నాను. లోపల దాచుకున్నవాటితో మనిద్దరం ఇప్పటికే ఒక వేసవి పోగొట్టుకున్నాం. విరిగింది, ఎవరూ చావలేదు, మళ్ళీ చెయ్యాలి. అంతే సంగతి.

దెల్ఫూర్ గారు చలికాలం దాకా ఆగుతామన్నారు. వెళ్ళేముందు మొదటిసారి కుర్చీలోంచి లేచి నాకు టోపీ తీశారు.

విరిగిన ముక్కలు గుడ్డలో చుట్టి పంపుతున్నాను.

ఒదిల్


తియేర్, 30 సెప్టెంబరు 1910

ఒదిల్‌కి,

ముక్కలు చూశాను. విరిగిన చోట చక్కెర పలుకుల్లా ఉంది. ఉక్కు పెళుసే. నా చెయ్యి చెప్పింది నిజం, నేను వినలేదు.

ఫిలొమెన్ "ఏం రాసింది?" అని అడిగింది. "నా స్ప్రింగు విరిగింది" అన్నాను. అది గుండె మీద చెయ్యి వేసుకుని నా మొహం వంక చూసింది, నేనేమైపోతానో అని. నాకు నవ్వొచ్చింది. ఎందుకో తెలియదు. విరిగింది, నువ్వు బతికే ఉన్నావు, ఏదీ దాచకుండా ఉత్తరం కూడా రాశావు.

ఇలా కాదు. ఇక్కడ నేను బోర్లా పడుకుని చెయ్యడం, అక్కడ అది ఎలా తిరుగుతుందో కంటితో చూడకపోవడం. ముప్పై ఏళ్ళలో నేను కోసి చూడకుండా ఏ కత్తీ నా చెయ్యి దాటలేదు. దళసరి పట్టీ ఒకటి కాకుండా, పల్చటివి రెండు ఒకదాని మీద ఒకటి వేస్తే ఎలా ఉంటుందా అని ఉంది. కానీ దాన్ని చూసి చెప్పాలి. సోమవారం బండికి వస్తున్నాను. పటూని ఫిలొమెన్ దగ్గర వదిలి వస్తాను, లేకపోతే ఆముదం తాగుతుంది. రెమీ స్టూలు నాకివ్వకు, నువ్వే కూర్చో. నాకు పలక ఒకటి చూడమని మొర్వాన్‌కి చెప్పు. పడుకుని తప్ప నాకు పని రాదు.

బ్లేజ్


పుతో, 12 ఫిబ్రవరి 1911

బావగారికి,

క్షేమంగా చేరారని అక్కయ్యగారు రాశారు. మీరు లేక షెడ్డు బోసిపోయింది. మీ పలకని ఎవరూ తియ్యలేదు. మొర్వాన్ గారు మధ్యాహ్నం దానిమీద కునుకు తీస్తున్నారు.

మీరు వెళ్ళాక జరిగింది చెబుతాను. మీ జంట పట్టీలతో బెంచీమీద చీకటి పడేదాకా తిరిగిన ఆ ఇంజన్నే దెల్ఫూర్ గారు మూర్‌మెలొన్ పట్టుకెళ్ళారు. పోయిన గురువారం విమానం లేచింది. నన్ను రమ్మన్నారు, వెళ్ళాను. మంచు పడుతోంది. మైదానం చివర దాకా వెళ్ళి తిరిగి వచ్చింది, దిగింది. నడిపినవాడు మొహమంతా ఆముదంతో దిగి, "మేడమ్, ఇది మాట వింటుంది" అన్నాడు. చాలా చిన్నవాడు. తీగలన్నీ జంటగా ఉన్నాయా అని నేను చుట్టూ తిరిగి లెక్కపెట్టాను. ఎవరూ ఏమీ అనలేదు. రెమీ పడిన చోటు ఏదో నాకు చూపించలేదు, నేను అడగలేదు. అంతా తెల్లగానే ఉంది.

సంతోషం వేసిందా అని మీరు అడుగుతారు. వెయ్యలేదు. దుఃఖం కూడా రాలేదు. చలి వేసింది. నాకు చలి వేస్తోందని నాకు తెలిసింది, అది కొత్త.

దెల్ఫూర్ గారు ఇంకో మాట అన్నారు. ఇంజన్లన్నిటి మీదా ఇత్తడి రేకు బిగించి, దానిమీద రెమీ పేరు చెక్కించాలట. ఇకమీద అందరూ దీన్ని "రెమీ" అనే పిలవాలట. మంచి మనసుతోనే అన్నారు. పనివాళ్ళంతా చప్పట్లు కొట్టారు. మొర్వాన్ గారు కళ్ళు తుడుచుకున్నారు. మీరు కూడా ఒప్పుకునేవారేమో.

వద్దన్నాను బావగారూ. ఎందుకంటే నేను ఈ ఏడాదంతా షెడ్డుకి వచ్చిపోయే మైదానం వాళ్ళ మాటలు విన్నాను. ఇంజను మొరాయిస్తే వాళ్ళు దాన్ని పేరు పెట్టి తిడతారు. రేపు ఇవి ఎన్నో అవుతాయి, ఎక్కడెక్కడికో పోతాయి. పొద్దున్నే చలిలో ఎవడో ఒకడు పంకా తిప్పి తిప్పి విసుగెత్తి, "రెమీ లేవడం లేదు" అని అరుస్తాడు. నేను అటుగా పోతూ ఉంటే వినపడుతుంది.

రేకుమీద అంకె వేయించాను. మీ ఊరి పేరు కూడా వేద్దామనుకున్నాను గానీ చోటు చాలలేదు.

కొత్తవాటికి స్ప్రింగులు కావాలి. జంట పట్టీలవే. నది గడ్డకట్టి ఉంటే కరిగాకే చెయ్యండి, తొందర లేదు.

మీ మరదలు
ఒదిల్